ఊరి జ్ఞాపకాలు: సేకరణ దాకా సరే, ఆ తర్వాత?

తెలుగు ఊళ్ల మీద ఇప్పుడు వస్తున్నన్ని వీడియోలు, ఫొటోలు, గొంతులు ఇంతకుముందెప్పుడూ రాలేదు. యూట్యూబ్‌లో "మా ఊరు" అని వెతికితే చాలు, డ్రోన్ కెమెరా ఎత్తు నుంచి చెరువు, గుడి, పచ్చటి మళ్లు వరసగా కనిపిస్తాయి. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో బడి మెట్ల మీద తీయించుకున్న నలుపు తెలుపు ఫొటోలు తిరుగుతుంటాయి. ఇంకోపక్క కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధకులు, కళాకారులు పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. ఆ మాటలను మ్యాపుకు తగిలించి, పాత ఫొటోలు, కాగితాలు, పాటలు కలిపి వెబ్‌సైట్లుగా, ప్రదర్శనలుగా మలుస్తున్నారు. పని పెరిగిన కొద్దీ వాదం కూడా చిక్కుపడింది. ఇది చరిత్రా, కళా? చెప్పినవారిదా, రికార్డు చేసినవారిదా? తప్పుగా గుర్తున్న సంగతిని ఏం చేయాలి? పదేళ్ల తర్వాత ఆ ఫైలు తెరుచుకుంటుందా?

ఈ ప్రశ్నల్లో మొదటి రెండింటి మీద చాలా రాశారు. చివరిదాని మీద తక్కువ. నిజానికి ఈ ప్రాజెక్టుల బాగోగులు తేలేది అక్కడే. వాదమంతా ఒకచోట చేర్చి చూసుకుంటే ఆ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

కవిలె కట్ట నుంచి క్యాసెట్ దాకా

ఊరి జ్ఞాపకాన్ని ఒక పద్ధతి ప్రకారం సేకరించడం తెలుగునాట కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట కర్నల్ కాలిన్ మెకంజీ సర్వే పనిమీద దక్షిణాది అంతా తిరుగుతూ ఊరూరి వృత్తాంతాలు రాయించాడు. ఆ పని భారం మోసింది కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఆ తర్వాత లక్ష్మయ్య, రామస్వామి కొనసాగించారు. కరణాల దగ్గరున్న దండకవిలెలనే ఊరి రికార్డులు, గుడి శాసనాలు, పెద్దలు చెప్పుకునే కథలు అన్నీ కలిసి కైఫియతులయ్యాయి. మెకంజీ 1821లో చనిపోయాక ఆ రాతలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ శ్రద్ధ తీసుకుని శుభ్రమైన ప్రతులు రాయించాడు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దొర ఏ మాన్యమిచ్చాడు, గ్రామదేవత ఎలా వెలసింది అన్నవి ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే ఆ పుణ్యం వాళ్లదే.

కైఫియతులో ఒక లోటు ఉంది. అది ఆ తర్వాతి ప్రాజెక్టుల్లోనూ వేరే వేషంలో కనిపిస్తుంది కాబట్టి చెప్పుకోవాలి. కైఫియతులో ఎక్కువగా మాట్లాడింది కరణం, పూజారి, భూమి ఉన్న పెద్దలు. నాట్లు వేసిన ఆడవాళ్లు, చెరువు పూడిక తీసిన కూలీలు, ఊరి బయట పల్లెల్లో బతికినవారు అందులో దాదాపు మాట్లాడరు. ఊరిలో అడగాల్సినవాళ్లు ఎవరో సేకర్త రాకముందే తేలిపోయి ఉండేది.

ఇరవయ్యో శతాబ్దపు మౌఖిక చరిత్ర కూడా మొదట పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లింది. 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అలెన్ నెవిన్స్ ప్రారంభించిన సేకరణ నాయకులు, అధికారులు, ప్రముఖుల మాటలతో నిండింది. కార్మికుల వైపు, ఆడవాళ్ల వైపు మైకు తిరగడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. బ్రిటన్‌లో పాల్ థాంప్సన్ 1978లో రాసిన పుస్తకం ఆ మలుపును స్థిరపరిచింది. తెలుగులో ఆ మలుపు తిప్పింది స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత మాట్లాడించి 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" కేవలం స్త్రీల చరిత్ర కాదు. దళాలు దాక్కున్న చోట్లు, అన్నం మూటలు చేరవేసిన దారులు, పోరాటం ముగిశాక తిరిగి అడుగుపెట్టిన ఇళ్లు అందులో ఉన్నాయి. ఆ రకంగా అది స్థలాల జ్ఞాపకం కూడా. క్యాసెట్ రికార్డరు తప్ప మరో సాధనం లేకుండా చేసిన పని అది. మాట తీరును సరిదిద్దకుండా అచ్చు వేయడం దాని బలం.

సాహిత్యం వేరే దారిలో ఇదే పని చేసింది. నామిని "సినబ్బ కథలు", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు", బాపు బొమ్మలతో వచ్చిన వంశీ "మా పసలపూడి కథలు" ఒక చోటును, అక్కడి మాటను పాఠకుల ముందుకు తెచ్చాయి. తమ ఊరి గురించి తామే చెప్పుకోవచ్చన్న ధైర్యం చాలామందికి ఆ పుస్తకాల నుంచి వచ్చింది. ఈనాటి వీడియోల వెనక ఆ కథల నీడ ఉంది.

పది లక్షల మంది రాసిన డిస్కు

బహుళ మాధ్యమాల్లో ఊరి జ్ఞాపకాన్ని కూర్చడమనే ఆలోచనకు పెద్ద తొలి ప్రయోగాల్లో ఒకటి 1986లో బ్రిటన్‌లో జరిగింది. ఇంగ్లండులో 1086లో రాజు రాయించిన భూముల లెక్కల పుస్తకానికి డూమ్స్‌డే బుక్ అని పేరు. దాని తొమ్మిది వందల ఏళ్ల సందర్భంగా బీబీసీ కొత్త డూమ్స్‌డే తలపెట్టింది. దేశాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గళ్లుగా విడదీసి, ఒక్కో గడిని ఆ చోటి బడికి అప్పజెప్పారు. తమ వీధిలో ఏముంది, జనం ఏం తింటున్నారు, ఏం చూస్తున్నారు, దేనికి భయపడుతున్నారు అన్నవి పిల్లలు రాశారు, ఫొటోలు తీశారు. పది లక్షలకు పైగా మనుషులు చేయి వేశారు. అదంతా లేజర్ డిస్కుల మీద ఎక్కింది.

ఆ డిస్కులు నడవాలంటే ప్రత్యేకమైన కంప్యూటరు, ప్రత్యేకమైన ప్లేయరు కావాలి. వాటి ధర బళ్లకు అందేది కాదు. రాసిన పిల్లల్లో చాలామంది తాము రాసింది తెర మీద చూడనే లేదు. పదిహేనేళ్లు తిరిగేసరికి పనిచేసే యంత్రాలే కరువయ్యాయి. 1086 నాటి తోలు పుస్తకాన్ని ఇప్పటికీ తెరిచి చదవవచ్చు, 1986 నాటి డిస్కును చదవలేకపోయారు. 2002 ప్రాంతంలో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని కొత్త కంప్యూటరులో అనుకరించే సాఫ్ట్‌వేర్ రాసి దానిని బయటికి లాగారు. 2011లో బీబీసీ అందులోని ప్రజల భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. 2018లో ఆ సైటు కూడా మూతపడింది. ఇప్పుడు దాని ప్రతి బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది.

ఒక దేశపు ప్రసార సంస్థ అండ ఉన్న పనికే ఇన్ని గండాలు వచ్చాయి. ఒక కాలేజీ ప్రాజెక్టుగానో, రెండేళ్ల గ్రాంటుతోనో మొదలైన తెలుగు వెబ్‌సైటుకు ఏ గండం వస్తుందో ఊహించడం కష్టం కాదు. డొమైన్ రుసుము కట్టే మనిషి ఉద్యోగం మారితే చాలు.

నాలుగు దారులు

ఈ రంగంలో పనిచేసేవారి ఆలోచనలు స్థూలంగా నాలుగు దారుల్లో నడుస్తున్నాయి. ఒకే ప్రాజెక్టులో రెండు మూడు కలిసి ఉండొచ్చు. అయినా ఎవరు దేనికి పెద్దపీట వేస్తున్నారో చూస్తే తేడా తెలుస్తుంది.

మొదటిది సాక్ష్యం దారి. మనుషులు పోకముందే వారి మాట పట్టుకోవాలి, తేదీ, చోటు, పేరు సరిచూసి భద్రపరచాలి అంటుంది. దేశ విభజన చూసినవారి మాటలను 2010 నుంచి రికార్డు చేస్తున్న 1947 పార్టిషన్ ఆర్కైవ్ ఈ దారిలో సాగింది. ఏళ్ల తరబడి తిరిగి పది వేలకు పైగా సాక్షుల కథనాలు సేకరించింది. ఈ దారి బలం విస్తృతి. బలహీనత ఏమిటంటే, మనిషిని సమాచారపు గనిగా చూసే ప్రమాదం. ప్రశ్నల జాబితా పూర్తయిందా అన్న తొందరలో మనిషి ఆగిపోయిన చోటు వినిపించదు.

రెండోది అర్థం దారి. దీనికి మూలస్తంభం ఇటలీ పరిశోధకుడు అలెస్సాండ్రో పోర్తెల్లి. టెర్నీ అనే ఉక్కు పట్నంలో 1949 మార్చిలో నాటోకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో లూయిజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత పోర్తెల్లి అడిగితే, ఎందరో కార్మికులు ఆ చావు 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పటి గొడవలో జరిగిందని చెప్పారు. పోర్తెల్లి దాన్ని మతిమరుపుగా కొట్టిపారేయలేదు. ఆ చావుకు తగిన అర్థం కోసం పట్నం మొత్తం దానిని తన బతుకులోని పెద్ద దెబ్బ దగ్గరికి జరిపిందని చూపించాడు. తప్పు తేదీ కూడా చరిత్రే అన్నది ఈ దారివారి మాట.

మన దగ్గర ఈ మాటకు మంచి తావు దివిసీమ. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల దరిదాపు ప్రాణాలు పోయాయి. శాస్త్రవేత్తలు నీటి ఎత్తు సుమారు 5 మీటర్లన్నారు. జనం మాత్రం తాటిచెట్టంత అల అంటారు. మొదటి దారి మనిషి ఆ మాట పక్కన దిద్దుబాటు రాస్తాడు. రెండో దారి మనిషి తాటిచెట్టే ఎందుకొచ్చిందని అడుగుతాడు. ఆ రాత్రి ఎందరో తాటి మట్టలు పట్టుకునే బతికారు కదా, ఎత్తుకు కొలబద్దగా అదే చెట్టు నాలుకకు వచ్చిందా అని ఆలోచిస్తాడు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కథా అలాంటిదే. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఆ అంకెను తలలు లెక్కబెట్టి నిరూపించలేం. కానీ ఏటా ఆ రోజున నగరవాసులు ఆ చెట్టు కిందే చేరి వరద మృతులను తలుచుకుంటారు. మంచి ప్రాజెక్టు రెండు విషయాలనూ పక్కపక్కనే పెడుతుంది: కొలత ఇది, జనం మాట ఇది. ఒకదానితో మరొకదాన్ని కొట్టేయదు.

మూడోది ఉమ్మడి హక్కు దారి. ప్రశ్న వేసేవాడికీ జవాబు చెప్పేవాడికీ కథనం మీద సమాన హక్కు ఉందని అమెరికా చరిత్రకారుడు మైకేల్ ఫ్రిష్ 1990లో వాదించాడు. తెలుగు నేల మీద ఈ దారి అంతకంటే దూరం వెళ్లింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. తమ చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగల మీద తామే సినిమాలు తీశారు. 2008లో మాచనూరు నుంచి సంఘం రేడియో మొదలైంది. అక్కడ బయటి సేకర్త లేడు. పొలం పేరు, విత్తనం పేరు చెప్పే గొంతు, దాన్ని రికార్డు చేసే చెయ్యి ఒకే ఊరివి. బడి చదువు లేనివారి చేతిలో యంత్రం పాడవుతుందన్న అనుమానాన్ని ఆ స్త్రీలు చాలా ఏళ్ల కిందటే తీర్చేశారు. అయినా కొత్త ప్రాజెక్టుల్లో ఇంకా ఊరివారిని "వనరు"గానే చూస్తున్నారంటే బాధ కలుగుతుంది.

నాలుగోది అనుభవం దారి. జ్ఞాపకాన్ని అల్మారాలో కాదు, అది పుట్టిన చోటే వినిపించాలంటుంది. 2003లో టొరంటోలోని మర్మర్ ప్రాజెక్టు వీధుల్లో చెవి ఆకారపు ఆకుపచ్చ పలకలు పెట్టింది. దాని మీది నంబరుకు ఫోన్ చేస్తే సరిగ్గా ఆ చోట జరిగిన సంగతి ఒకరు చెప్తారు. అదే ఏడాది లండన్‌లో గ్రేమ్ మిల్లర్ అనే కళాకారుడు ఇంకో అడుగు వేశాడు. అంతకుముందు అక్కడ ఒక రోడ్డు కోసం నాలుగు వందలకు పైగా ఇళ్లు కూల్చారు. వాటిలో అతని ఇల్లూ ఉంది. ఆ దారి పొడవునా దీపస్తంభాలకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి, ఒకప్పుడు అక్కడ బతికినవారి గొంతులను ప్రసారం చేశాడు. చేతిలో రిసీవరుతో నడిచేవారికి ఆ గొంతులు వినిపిస్తాయి. మన దేశంలో భోపాల్‌లో 2014లో తెరిచిన రిమెంబర్ భోపాల్ మ్యూజియం ఈ దారికి, మూడో దారికి కూడా చెందుతుంది. గ్యాస్ బాధితులు ఇచ్చిన వస్తువుల పక్కన టెలిఫోన్ రిసీవర్లు పెట్టారు. చెవికి పెట్టుకుంటే ఆ వస్తువు తాలూకు మనిషి మాట్లాడతారు. ప్రభుత్వం డబ్బు, కంపెనీల డబ్బు వద్దనుకుని నడిపారు.

నాలుగింటినీ పక్కపక్కన నిలబెడితే, సాక్ష్యం దారి ఎక్కువ మందిని చేరుతుంది, అర్థం దారి లోతుకు దిగుతుంది, ఉమ్మడి హక్కు దారి న్యాయంగా ఉంటుంది, అనుభవం దారి గుండెను తాకుతుంది. ఖర్చు, కాలం చూస్తే లెక్క తిరగబడుతుంది. అన్నిటికంటే నెమ్మదిగా సాగేది మూడోది. దానికే గ్రాంటులు తక్కువ. ఒక ఊరి మనుషులు కెమెరా, మైకు నేర్చుకుని తమ పనిగా చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. నిధులిచ్చేవారి గడువు ఏడాదో రెండేళ్లో. తెలుగులో ఈ దారినే ఎక్కువ ఆదరించాలని నా అభిప్రాయం. మిగతా మూడూ దానికి ఉపకరణాలు కావాలి.

రచ్చబండ ఎవరికి ఏం గుర్తుచేస్తుంది

స్థలాన్ని మ్యాపు మీద గుర్తించడం ఈ ప్రాజెక్టుల్లో తప్పనిసరి తంతు అయింది. అక్షాంశం, రేఖాంశం ఇస్తే సరిపోతుందనుకుంటారు. ఊరు అలా గుర్తుండదు. "కట్ట మీది మర్రి", "పాత బస్సాగిన చోటు", "పెద్దమ్మ చనిపోయిన బావి" అన్నట్టుగా గుర్తుంటుంది. ఆ పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. ఒకే చోటికి ఊళ్లో ఒక పేరు, వాడలో ఒక పేరు ఉంటుంది.

ఇక్కడే అసలు పరీక్ష. మన "మా ఊరు" వీడియోల్లో రచ్చబండ అంటే సాయంత్రం కబుర్లు చెప్పుకునే చల్లటి చోటు. అదే రచ్చబండ ఊళ్లో కొందరికి పంచాయతీ పెట్టి జరిమానా వేసిన చోటు. ఊరబావి ఒకరికి నీళ్ల రుచి. ఇంకొకరికి, దూరాన నిలబడి ఎవరైనా పోస్తారేమోనని ఎదురుచూసిన చోటు. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపిన ఘటనకు మొదలు తాగునీటి చెరువు దగ్గరి గొడవ. ఆ చెరువు గురించి రెండు పక్కల వారిని వేరువేరుగా అడిగితే రెండు చెరువులు వస్తాయి. ఏ ఒక్కదాన్నో తీసుకుని "గ్రామీణ జ్ఞాపకం" అని పేరు పెడితే అది అబద్ధం.

ఊరు వదిలి అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడినవారి తలపోత చాలా ప్రాజెక్టులకు డబ్బు, ఉత్సాహం ఇస్తోంది. అందులో తప్పు లేదు. ఆ ప్రేమ నిజమైనదే. అయితే వదిలి వెళ్లిన వయసులో ఊరు ఎలా ఉందో అలాగే ఉండాలని ఆ తలపోత కోరుకుంటుంది. ఉండిపోయినవారి జ్ఞాపకం రోజూ మారుతుంటుంది. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు వాడవాడకూ వెళ్లి, ఎవరిని ఇంకా అడగలేదో రాసుకోవడం మైకు కొనడం కంటే ముఖ్యం.

మునిగిన ఊళ్ల సంగతి మరీ కష్టం. నాగార్జునకొండ లోయ నీట మునగబోతోందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, బౌద్ధ కట్టడాలను కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం నీరు 1981లో ఊళ్లను ముంచేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. రాళ్లకు దొరికిన ఆ శ్రద్ధ మనుషుల మాటకు దొరకలేదు. నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడి ఇప్పటికీ నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పూజకు వస్తారు. మునిగిన ఇళ్ల గుర్తులు చూపించగలిగిన వయసువారు ఏటా తగ్గిపోతున్నారు. సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు పోయాయి. ఆ రిజర్వాయరును 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సి ఉంది. వారిలో కోయలు, కొండరెడ్లు ఎందరో. పునరావాస కాలనీలో వీధులకు నంబర్లుంటాయి. పాత ఊళ్లో వీధులకు పేర్లుండేవి. ఆ పేర్లు తెలిసిన తరం బతికి ఉండగానే ఆ వీధులను గీయించుకోవడం ఇంకా చేయగలిగిన పని. పెద్దలు నేల మీద పుల్లతో గీసే ఊరి పటం, గీస్తూ వారు చెప్పే మాటలు, ఆ రెండింటినీ ఒకేసారి రికార్డు చేస్తే ఏ ఉపగ్రహ చిత్రమూ ఇవ్వలేని సంగతి దొరుకుతుంది.

యాస, అనువాదం, యంత్రం

మాటను కాగితం మీద పెట్టేటప్పుడు పత్రికల తెలుగులోకి సరిదిద్దే అలవాటు బలంగా ఉంది. చదివేవారికి సులువుగా ఉంటుందని అంటారు. సరిదిద్దిన మాటలో మనిషి ఎక్కడివారో, ఎవరో పోతుంది. శ్రీకాకుళం మాట, పాలమూరు మాట, హైదరాబాదు దక్కనీ ఉర్దూ, తండాల లంబాడీ, కోయ భాష ఉన్నదున్నట్టు ఉండాలి. అర్థం కాని మాటకు కింద వివరణ ఇస్తే చాలు. ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదని నేననుకుంటాను.

గొంతును అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు తెలుగుకూ వచ్చాయి. ప్రభుత్వ భాషిణి లాంటి ప్రయత్నాలు సాగుతున్నాయి. గంటల కొద్దీ రికార్డింగులను చేత్తో రాయడం ఎంత శ్రమో తెలిసినవారికి ఇది పెద్ద ఊరట. అయితే ముసలివాళ్ల గొంతు, పళ్లూడిన పలుకు, వెనక కోళ్ల అరుపు, మధ్యలో మనవరాలి ప్రశ్న ఉన్న చోట యంత్రం తడబడుతుంది. తనకు అలవాటైన మాటతో ఖాళీని నింపేస్తుంది. అచ్చులో అది సరైన వాక్యంలాగే కనిపిస్తుంది. కాబట్టి యంత్రం రాసినదాన్ని ఆ ఊరి మనిషి ఒకరు విని సరిచూడకుండా బయటపెట్టకూడదు.

ఆధారం అంటే ఏమిటన్న వాదం కూడా తెగలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ల మీద వేల వ్యాసాలున్నాయి. వాటిలో చాలావాటికి జనాభా లెక్కలే ఆధారం. ఎందుకంటే వికీపీడియా అచ్చయిన మూలాన్ని అడుగుతుంది, అవ్వ మాటను ఒప్పుకోదు. 2011లో కేరళ, హర్యానా, దక్షిణాఫ్రికాల్లో మౌఖిక మాటను ఆధారంగా చూపే ప్రయోగం ఒకటి జరిగింది. నియమం మాత్రం మారలేదు. తెలుగు ఊళ్ల జ్ఞాపకాలు పుస్తకంగానో, పత్రికగానో కూడా రావాలనడానికి ఇదొక ఆచరణాత్మక కారణం.

మాట ఇచ్చాక

అనుమతి విషయంలో ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునేది బోస్టన్ కాలేజీ ఉదంతం. ఆ కాలేజీ ప్రాజెక్టువారు ఉత్తర ఐర్లండు హింసలో పాల్గొన్న మాజీ సాయుధులతో 2001 నుంచి 2006 వరకు మాట్లాడి, బతికి ఉన్నంత కాలం బయటపెట్టబోమని మాట ఇచ్చారు. 2011లో బ్రిటిష్ పోలీసుల కోరిక మీద అమెరికాలో సమన్లు వచ్చాయి. కోర్టుల్లో నడిచిన పోరు తర్వాత కొన్ని టేపులు పోలీసుల చేతికి చేరాయి. చట్టం ముందు నిలవని మాట ఎవరూ ఇవ్వకూడదని ఆ ఉదంతం నేర్పింది.

మన దగ్గర ఇది దూరపు సంగతి కాదు. నష్టపరిహారం కేసు నడుస్తున్న నిర్వాసితుడు భూమి సరిహద్దు గురించి చెప్పిన మాట, కులం దాటి జరిగిన పెళ్లి గురించి ఒకామె చెప్పిన మాట, ఊరి పెద్ద మీద కూలీ చెప్పిన మాట వీడియోగా తిరిగితే ఏమవుతుందో రికార్డు చేసేవారు ముందే చెప్పాలి. కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం అనుమతి కాదు. మొదటిరోజు ఒకసారి, కూర్చిన వీడియో చూపించి మరోసారి అడగాలి. వద్దంటే తీసేయాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. పరిశోధనకు అందులో కొంత మినహాయింపు ఉంది. చట్టం మినహాయించినంత మాత్రాన మర్యాద మినహాయింపు కాదు. గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్లు వచ్చాక చనిపోయిన తల్లి గొంతు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా తోడైంది. దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆస్ట్రేలియాలోని వారుముంగు ఆదివాసులతో కలిసి రూపొందిన ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్ ఒక మార్గం చూపింది. ఏ ఫొటో ఆడవారు మాత్రమే చూడవచ్చు, ఏది ఒక వంశానికే చెందుతుంది, ఏది చనిపోయినవారిది కాబట్టి దాచాలి అన్న కట్టుబాట్లను సాఫ్ట్‌వేరులోనే అమర్చారు. అన్నీ అందరికీ తెరిచి ఉంచడమే మేలన్న ఇంటర్నెట్ నమ్మకానికి ఇది ఎదురు నిలుస్తుంది. కోయ, కొండరెడ్డి, చెంచు ఊళ్లలో పనిచేసేవారు దీన్ని తప్పక పరిశీలించాలి.

తేలనివి, ఆగనివి

డబ్బు ఎవరిస్తారు, ఎంతకాలం ఇస్తారు అన్నది తేలలేదు. ప్రభుత్వ ఆర్కైవ్స్ ఫైళ్లను దాస్తాయి, ఊరి గొంతులను దాచే ఏర్పాటు వాటికి ఇంకా సరిగ్గా లేదు. యూట్యూబ్ మీద పెట్టడం ప్రచారమే, భద్రత కాదు. ఛానెల్ పోతే అన్నీ పోతాయి. మామూలు ఫైలు రూపాల్లో మూడు ప్రతులు, వేరువేరు చోట్ల ఉండాలని ఆర్కైవ్‌వారు చెప్పే పాత సూత్రం ఇప్పటికీ మేలైనది. మూడింటిలో ఒకటి ఆ ఊరి గ్రంథాలయంలోనో, బడిలోనో ఉండాలి. చాలా ప్రాజెక్టులు ఈ ఒక్క పని చేయవు. ఆవిష్కరణ సభ అయిన మర్నాడు హార్డ్‌డిస్కు నగరానికి వెళ్లిపోతుంది. మాట ఇచ్చిన మనిషికి తన మాట మళ్లీ వినే దారి ఉండదు. ఒక ప్రాజెక్టును అంచనా వేయాల్సి వస్తే వెబ్‌సైటు అందం కంటే ముందు ఈ సంగతి అడగాలి.

2027 నవంబర్ 19కి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రాత్రి ఇరవై ఏళ్లున్నవారికి అప్పటికి డెబ్బై వస్తాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డలోనూ, గుంటూరు వైపు రేపల్లె, నిజాంపట్నంలోనూ ఆ రాత్రిని చూసినవారు ఇంకా ఉన్నారు. ఆ ప్రాంతపు కళాశాలల తెలుగు, చరిత్ర అధ్యాపకులు ఈ ఏడాదే విద్యార్థులను ఊళ్లకు పంపాలి. ముందు పల్లెకారుల వాడలకు, దళితవాడలకు, ఆడవాళ్ల దగ్గరికి పంపాలి. రికార్డు చేసిన ప్రతి గొంతు ప్రతిని ఆ ఇంటికే తిరిగి చేర్చాలి.